ఒంటె వెనక కాళ్లు

జీవితంలో నేను చాలా వేషాలే వేశాను గానీ, పందిట్లో జనం ముందు వేసింది మాత్రం ఒక్కటే. ఒంటె వేషం. అదీ పూర్తి ఒంటె కాదు, వెనక సగం. ముందు సగం మా అక్క.

మాది ఉదయగిరి కొండ కింద చిన్న ఊరు. మధ్యాహ్నం దాటితే కొండ నీడ ఇళ్ల మీద పడుతుంది. ఏటా క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చి ముందు తాటాకు పందిరి వేసి నాటకం ఆడేవాళ్లు. పశువుల పాక, గొల్లలు, దేవదూతలు, చివర్లో తూర్పుదేశం నుంచి ముగ్గురు జ్ఞానులు. ఆ జ్ఞానులు ఒంటెలెక్కి వచ్చారని బైబిల్లో ఎక్కడా రాసిలేదని నాకు పెద్దయ్యాక తెలిసింది. మా పెద్దలు ఆ సంగతి కాస్త ముందే గమనించి ఉంటే నా నడుం ఈపాటికి ఇంకొంచెం నిటారుగా ఉండేది.

జ్ఞానులు ముగ్గురైనా ఒంటె ఒకటే. ఇద్దరు నడిచి వచ్చేవాళ్లు. అందరిలోకీ బక్కగా ఉన్న పిల్లవాడికి బోళం అనే సుగంధద్రవ్యం డబ్బా చేతికిచ్చి ఒంటె ఎక్కించేవాళ్లు. వాడిలో జ్ఞానం ఎంతుందని ఎవరూ చూడలేదు, బరువు ఎంతుందనే చూశారు. డబ్బా ఖాళీ పౌడరు డబ్బా, లోపల పసుపు.

ఒంటె తలను చెక్కింది ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే సాయిబు తాత. మా నాయనకు స్నేహితుడు. ఆయన ఒంటెను చూసి ఎరగడు. సండే స్కూలు పాఠంలో బొటనవేలంత బొమ్మ ఉంటే, దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి చూసి నర్ది కొయ్యతో చెక్కాడు. మూతి దూడది వచ్చింది, కళ్లు మేకవి వచ్చాయి, ఆ చిన్న నవ్వు మాత్రం అచ్చంగా ఆయనదే. చెవులకు రెండు పులుసు గరిటెలు తగిలించాడు. ఇన్నేళ్లయినా ఆ తల చర్చి అటక మీదే ఉంది. ఒక చెవి లేదు. విందు రోజున ఎవరో వడ్డనకు తీసుకుపోయి ఉంటారు.

గూనుకి గంప బోర్లించి కట్టేవాళ్లు. పైన గొంగళి. కాళ్లకు గోనెసంచుల లాగులు. అక్క తల పట్టుకుని ముందు నిలబడితే, నేను నడుం వంచి దాని నడుం పట్టుకుని వెనక నిలబడేవాణ్ణి. నా వీపు మీద జ్ఞాని. గొంగట్లో నాకు కనిపించేది అక్క మడమలు మాత్రమే. అవి ఎటు పోతే నేనటు. చెప్పుకోవాలంటే, నా తర్వాతి జీవితానికి అది మంచి తర్ఫీదు.

పాక ముందు ఒంటె మోకరించాలి. జ్ఞాని దిగి, బోళం ఇచ్చి, మళ్లీ ఎక్కాలి. అప్పుడు ఒంటె లేచి వెళ్లిపోవాలి. ఈ లేవడమే కష్టం. దానికి అక్క ఒక పద్ధతి పెట్టింది. నాకంటే నాలుగేళ్లే పెద్దదైనా, పద్ధతులు పెట్టడంలో అప్పటికే తలపండింది.

"ఒకటి అంటే ఊపిరి పీల్చుకో. రెండు అంటే చేతులు మోకాళ్ల మీద బెట్టుకో. మూడు అంటే నేను లేస్తా. నేను లేసినాక నువ్వు లెయ్."

"ఇద్దరం ఒకేసారి లేస్తే ఏమక్కా?"

"ముందు కాళ్లు గాబట్టే ముందు లేస్తాయిరా. ఆ మాత్రం దెలీదా?"

తెలీదు. మా ఊళ్లో ఎవరికీ తెలీదు. ఆవు ఎలా లేస్తుందో మేక ఎలా లేస్తుందో రోజూ చూస్తూనే ఉన్నా, ఒంటె విషయంలో అక్క మాటే శాసనం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ శాసనం నా వల్ల తప్పింది. జ్ఞాని బోళం ఇచ్చి వచ్చి నా వీపెక్కాడు. గొంగట్లో అక్క "ఒకటి" అంది. "రెండు" అంది. నేను లేచాను.

జ్ఞాని అక్క తల మీదుగా వెళ్లి గడ్డిలో పడ్డాడు. పసుపు లేచి యోసేపు గడ్డమంతా పచ్చబడింది. అక్క మొహం కొయ్య తల లోపలివైపు గుద్దుకుని, పైపళ్లలో ఒకటి సగానికి విరిగింది. జనం ఇదంతా నాటకంలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. మా నాయన ఒక్కడే కొట్టలేదు.

"మూడనక ముందే ఎందుకు లేసినావురా?"

"చీమలు గుట్టినాయి నాయనా."

ఆ చీమల్ని నేను యాభై ఏళ్లకు పైగా పోషించాను. ఇంటికి ఎవరొచ్చినా అక్క పన్ను కథ వచ్చేది. కథ వచ్చిన ప్రతిసారీ నా చీమలూ బారులు తీరి వచ్చేవి. మొదట నల్ల చీమలు. నా పెళ్లినాటికి ఎర్ర చీమలయ్యాయి.

అక్క ఆ పన్ను గురించి ఒక్కనాడూ ఏడవలేదు. పెద్దయ్యాక డ్రిల్ టీచరైంది. విజిలు సరిగ్గా ఆ విరిగిన సందులో కూర్చునేది. "దేవుడు నాకు విజిల్ స్టాండు చేయించినాడు, మేస్త్రీ మా తమ్ముడే" అని పిల్లలకు చెప్పేది. ఆత్మకూరులో దాని బడీ నా బడీ పక్కపక్కనే. నేను తెలుగు మాస్టర్ని. అవతల గ్రౌండులో అక్క "లేవండ్రా!" అంటే ఇవతల నా క్లాసులో వెనక బెంచీ వాళ్లు నిద్రలోంచి లేచి నిలబడేవాళ్లు. నా పద్యాలు చెయ్యలేని పని అది.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట ఆత్మకూరు బస్టాండులో పడిపోయింది. ఉదయగిరిలో ఎవరిదో పెళ్లికి వెళ్లి తిరిగి వస్తూ, బస్సు మెట్టు దిగబోయి కాలు జారి, మొహం ముందుకు పెట్టి పడింది. కాలు చీలమండ పైన రెండు ఎముకలు విరిగాయి. నెల్లూరులో ప్లేట్లు వేశారు. అప్పటికే బావ లేడు, కూతురు కాపురం చేసేది హైదరాబాదులో. మా ఇంటికే తీసుకొచ్చాం.

మూడు నెలలకు ఎముక అతుక్కుంది. అక్క కుర్చీకి అతుక్కుంది.

నడక వచ్చింది. లేవడమే రాలేదు. కాళ్లలో బలం లేక కాదు. కుర్చీలోంచి లేవాలంటే ముందుకు వంగాలి, వంగితే నేల కనిపిస్తుంది, నేల కనిపిస్తే బస్టాండు గుర్తొస్తుంది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఓపిగ్గా చెప్పేది.

"అమ్మా, ముక్కు కాలివేళ్ల మీదికి రావాల. అప్పుడు వెనకభాగం దానంతటదే పైకి లేస్తాది. చెప్తాను, లేవండి. వన్, టూ, త్రీ..."

త్రీ అనగానే అక్క వెనక్కి జారగిలబడి చెయ్యి చాపేది. "రేయ్, లేపు." జీవితమంతా వేలమంది పిల్లల్ని లేపిన గొంతు. నేను చెయ్యిచ్చేవాణ్ణి. నేను లేకపోతే మా ఆవిడ ఇచ్చేది. ఇద్దరం లేని ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంతా పొగ కమ్మింది. మేం వచ్చేసరికి అక్క ఆ కుర్చీలోనే ఉంది, చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. పొయ్యి పది అడుగుల దూరంలో ఉంది.

మర్నాడు ఆ అమ్మాయి మళ్లీ వన్, టూ అంటుంటే అక్కకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది.

"ఏందమ్మా నవ్వుతుండారు?"

"ఏంలే. మా తమ్ముడు ఉండాడే, వాడు టూ అంటేనే లేసే రకం."

పన్ను కథ మళ్లీ వచ్చింది. ఎర్ర చీమలూ వచ్చాయి. అంతా అయ్యాక అక్క నావైపు తిరిగింది.

"రేయ్, ఆరేళ్లు ఒంటెగా ఉన్న్యాం గదా. మోసిందే గానీ ఒక్కసారన్నా ఎక్కినామా?"

"యాడుండాది అక్కా మనకి ఒంటె?"

"నిజం ఒంటె నెక్కాలని ఉండాదిరా. ఎక్కిస్తావా?"

ఆ మాట అన్నప్పుడు దాని మొహంలో గ్రౌండు కనిపించింది. ఎక్కిస్తానన్నాను. చీమల తర్వాత నేను ఆలోచించకుండా చెప్పిన మాట అదే.

ఆ ఏడే నేను ఉద్యోగం దిగాను. తోటి మాస్టర్లు కొందరు కుటుంబాలతో రాజస్థాన్ చూసి వద్దామని బయల్దేరుతుంటే, మా ముగ్గురి పేర్లూ రాయించాను. డాక్టరు కాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒంటెకి అభ్యంతరం లేకపోతే నాకేమీ లేదు" అన్నాడు. రైలెక్కే ముందురోజు అక్క, మడమల దగ్గర నెలవంకలా అరిగిపోయిన తన పాత కాన్వాసు బూట్లకు తెల్ల పాలిష్ వేస్తూ ఒక షరతు పెట్టింది.

"ఆడిదాకా పొయ్యి నేను ఎక్కలేకపోయినాననుకో, ఇంక ఆ కుర్చీ నాది, నేను కుర్చీదాన్ని. ఇంక లెమ్మని నన్నెవురూ అడగొద్దు. ఆ పిల్లని గూడా రావద్దను."

మా ఆవిడ "సరేలే వదినా" అంది గానీ, వంటింట్లోకి వచ్చి నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. "ఒంట్లో సత్తువ రాకముందే ఒంటె నెక్కిస్తానంటివి. ఆమె ఎక్కలేకపోతే ఏం జేస్తావయ్యా?" నేను భుజం రుద్దుకున్నాను. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఈ పరిస్థితి నాకు కొత్త కాదు.

జైసల్మేరు దాటి ఇసుక తిన్నెల దగ్గరికి జీపుల్లో తీసుకెళ్లారు. మాది చివరి జీపు. అక్క జీపు దిగడానికే పావుగంట పట్టింది. మా ఆవిడ ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి. ఈలోగా మా వాళ్లందరూ ఒంటెలెక్కి వెళ్లిపోయారు. దూరంగా తిన్నె అంచున చీమలబారులా కనిపించారు. చీమలు నన్ను ఇక్కడా వదల్లేదు.

మా కోసం ఒకే ఒక ఒంటె కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. పక్కన తలపాగా చుట్టుకున్న నడివయసు మనిషి. ఒంటెకు ఒక సినిమా హీరో పేరు పెట్టాడు. ఆ హీరోకి కోపం రావచ్చు కాబట్టి ఆ పేరు రాయను.

అక్క చాలాసేపు దాన్ని చూసింది. కనురెప్పల మీద రెండు వరసల వెంట్రుకలు. నములుతూ నములుతూ ఆగి, మావైపు తల తిప్పింది. కొయ్య తల పట్టుకుని ఆరేళ్లు తిరిగిన మనిషి, అసలు తలను చూడ్డం అదే మొదటిసారి.

"సాయిబు తాత చెక్కింది దీన్ని గాదురా" అంది మెల్లగా.

"కాదక్కా."

"నవ్వు మాత్రం అదే."

నిజమే. ఆ ముసలాయన ఎక్కడినుంచి పట్టాడో.

అక్క దగ్గరికి వెళ్లి జీను మీద చెయ్యి వేసింది. కూర్చున్న ఒంటే అక్క నడుం ఎత్తు ఉంది. లేస్తే ఎంత ఎత్తుంటుందో తల ఎత్తి గాల్లోనే కొలుచుకుంది. తర్వాత కిందికి, ఇసుకలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా ఇంటి హాల్లో ఏడాదిన్నరగా చూస్తున్నదే. చెయ్యి జీను మీదినుంచి తీసేసింది.

"వద్దులేరా. చూసినాం గదా, చాల్లే."

నేను మా ఆవిడ మొహం చూశాను. మా ఆవిడ ఫోను తెరిచి, మళ్లీ మూసింది. ఒంటెవాడు ఏమీ అర్థంకాక మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. కుర్చీ ఎంత దూరంలో ఉందో ఆ క్షణంలో తెలిసింది. రెండు రోజుల రైలు ప్రయాణం అవతల, ఆత్మకూరులో, మా హాల్లో, కిటికీ పక్కన.

ఏం చెయ్యాలో తోచనప్పుడు నేను ఏదో ఒకటి చేసేస్తాను. ఆ అలవాటు వల్లే ఈ కథంతా. నేను ముందు ఎక్కి కూర్చుంటే అక్కకు ధైర్యం వస్తుందనిపించింది. జీనుకు రెండు చోట్లున్నాయి, ముందొకటి, వెనకొకటి. ముందు కూర్చుంటే అక్క పడకుండా అడ్డంగా ఉంటాననుకుని, పంచె ఎగ్గట్టి, ముందు చోటులో ఎక్కి కూర్చున్నాను. వీరుడిలా కాదు, బస్తాలా.

"ఏయ్!"

గ్రౌండు గొంతు. ఒంటె నమలడం ఆపింది.

"ఏందిరా నువ్వు ముందు గూసున్నావ్? దిగు ఆడ్నించి."

"నీకు అడ్డంగా ఉంటానని..."

"అడ్డంగానే ఉండావు. ముందు సగం నాదిరా. ఎన్నేళ్లయినా నాదే. వెనక్కి బో."

నేను దిగాను, చెప్పాలంటే జారాను. అక్క ఉద్యోగం రోజుల్లో కొనుక్కున్న ట్రాకు ప్యాంటు వేసుకుని వచ్చింది. ఎడమచేత్తో జీను కొయ్య పట్టుకుంది, ఒంటెవాడు మోచెయ్యి పట్టాడు, మా ఆవిడ వెనకనుంచి ఆనింది, కాలు అటువైపు పడింది. ఎక్కేసింది. తాను ఎక్కానన్న సంగతి దానికి ఇంకా తెలిసినట్టు లేదు, నన్ను తిట్టే పనిలో ఉంది.

"నువ్వు గూడా రా" అన్నాను మా ఆవిడతో.

"ముగ్గురం పడితే ఎత్తేదెవురు? నేను ఫోటోలు దీస్తా, మీరు పొండి."

నేను వెనక చోటులో కూర్చున్నాను. ఎదురుగా అక్క వీపు. చిన్నప్పుడు పట్టుకున్నట్టే నడుం పట్టుకున్నాను.

ఒంటెవాడు ముక్కుతాడు అందుకుని, వెనక్కి వాలమని హిందీలో చెప్పి, వాలి చూపించాడు కూడా. మా ఇద్దరికీ ఉదయగిరి ఉర్దూ వచ్చు. మాట అర్థం కాలేదని చెప్పుకునే వీల్లేదు. అర్థమైంది. కానీ ఒంటెల గురించి మాకు ఒకరు చెప్పేదేముంది?

"వాడి మొహం, వెనక్కి వాలేదేంది" అంది అక్క. "ముందు కాళ్లు లేసేటప్పుడు వెనక్కి వాల్తే ఎల్లకిలా పడమా? రేయ్, ముందుకి వంగు. బాగా వంగు. నాతో పాటు."

అని, మా అక్క ముందుకు వంగింది.

ఏడాదిన్నరగా ఆ అమ్మాయి బతిమాలినా, మా ఆవిడ బతిమాలినా, నేను కాళ్లావేళ్లా పడినా వంగని మనిషి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంతగా, జీను కొయ్య రెండు చేతుల్తో వాటేసుకుని, నిండు నమ్మకంతో వంగింది. దాని వీపు మీద నేను. యాభై ఏళ్ల కింద నేర్చుకున్న తప్పును ఇద్దరం కలిసి, ఒక్క లోపం లేకుండా చేశాం.

"ఒకటి" అంది అక్క, ఒంటెకు. "రెండు..."

ఒంటె రెండుకే లేచింది. వెనక కాళ్ల మీద.

మా వెనక ఎవరో నేలను ఎత్తి మా మీదికి ఒంపినట్టయింది. నేను అక్క వీపు మీద పడ్డాను, అక్క ఒంటె మెడ మీద పడింది, దాని మొహం ఒంటె బొచ్చులో కూరుకుపోయింది. కింద ఇసుక నిట్టనిలువుగా కనిపించింది. ఒంటెవాడు అరిచాడు, మా ఆవిడ అంతకంటే గట్టిగా అరిచింది. అక్క పోయింది, పన్ను పోయింది, కాలు పోయింది, అన్నీ నా వల్లే అని ఆ ఒక్క క్షణంలోనే లెక్క తేల్చుకున్నాను. అప్పుడు ముందు కాళ్లు లేచాయి. వెనక్కి ఊగి, అటొకసారి ఇటొకసారి తూగి, సర్దుకున్నాం. పైన ఉన్నాం. ఎవరం పడలేదు.

అక్క కదల్లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను.

"అక్కా... దిగుదామా అక్కా?"

అది తల తిప్పింది. మొహమంతా ఒంటె బొచ్చు. నవ్వుతోంది. ఆ విరిగిన పన్ను చూసి చాలా కాలమైంది.

"రేయ్" అంది, ఊపిరి అందక. "వెనక కాళ్లే ముందు లేసినాయిరా!"

"అవునక్కా."

"అయితే అప్పుడు... నువ్వు లేసిందే కరెక్టు గదరా."

నేను దాని భుజం మీది బొచ్చు దులిపాను.

"ఇన్నేళ్లూ ఊరు ఊరంతా చెప్పి నవ్వినాను గదరా నిన్ను. నీ కొడుకు పెళ్లిలో గూడా చెప్పినానే. తప్పు నాది పెట్టుకోని."

ఒంటె నడక మొదలుపెట్టింది. ఒకవైపు రెండు కాళ్లూ ఒకేసారి, తర్వాత రెండోవైపువి. అక్క కిందికి చూసి ఆ సంగతీ పట్టేసింది. "చూడ్రా, ఎడమా ఎడమా, కుడీ కుడీ. మనం అట్టనే గదా నడిసింది?" అవును. నా గోనె కాలు దాని గోనె కాలితో పాటే పడాలని నేర్పింది అదే. తెలియక చేసినవాటిలో ఒకటి సరిగ్గానే చేశాం. అక్క కిందికి చూస్తూనే ఉంది. ఎనిమిది తొమ్మిది అడుగుల కింద నేల. భయపడటం మర్చిపోయింది, నేను గుర్తు చెయ్యలేదు.

పొద్దు వాలుతోంది. తిన్నెల ఒకవైపు ఎర్రగా, రెండోవైపు నీలంగా ఉంది. ఉదయగిరి కొండ నీడ ఊరి మీదికి దిగే వేళ గుర్తొచ్చింది. ముందు అక్క మడమలు వేలాడుతున్నాయి, పాలిష్ వేసిన తెల్ల బూట్లలో. గొంగట్లోంచి నేను చూసిన మడమలే. నాకేదో అయింది. తెలుగు మాస్టర్ని, దానికో పేరుండే ఉంటుంది, తట్టలేదు.

"అక్కా, ఒక మాట చెప్పాల."

"చెప్పు."

"ఆరోజు నేను కరెక్టని లేవలేదు. నాకేం దెల్సు ఒంటె ఎట్ట లేస్తాదో."

"చీమలు గదా."

"చీమలు గాదు. పలావు."

ఒంటె మెడలో గంట కాసేపు మోగింది.

"నాటకం అయిపోతానే పెడతామన్నారు గదా. పందిరి వెనకాల డేగిసా మూత దీసినారు. వాసన గొంగట్లోకొచ్చింది. రెండు అనేసరికి ఇంక..."

"నాకు దెల్దేందిరా?" అంది అక్క. "నేనుండింది గూడా ఆ గొంగట్లోనే గదా. నాకు రాలా వాసన?"

"మరి ఇన్నేళ్లూ చీమలంటే ఊరుకున్నావే!"

"నాయన కొడతాడని అప్పుడు ఊరుకున్యా. తరవాత నువ్వే చీమలకి రంగులేసుకుంటా వస్తివి. చూస్తా ఉన్న్యా, యాడిదాకా బోతావా అని."

ఒంటె తిన్నె దిగి వెనక్కి మళ్లింది. నేను దాని నడుం పట్టుకునే ఉన్నాను. పడకుండా పట్టుకున్నది నేను దాన్నా, అది నన్నా అంటే చెప్పలేను.

తిరిగి వచ్చాక ఒంటెవాడు నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు. ఈసారి ఒంటె ముందు మోకాళ్లు వంచింది. ఈసారి మేం బుద్ధిగా వెనక్కి వాలాం. ఒంటెవాడు తలపాగా సర్దుకుంటూ, ఎట్టకేలకు తన మాట విన్నందుకు కాబోలు, చెయ్యి ఎత్తి దండం పెట్టాడు. అక్కను దించాం. బూట్లలో ఇసుక పోయిందని అది దిగిన చోటే ఇసుకలో చతికిలపడింది. ఒక్కొక్క బూటూ విప్పి దులిపి, మళ్లీ తొడుక్కుని, తాళ్లు కట్టుకుంది.

అప్పటికి నాకు గుర్తొచ్చింది. కుర్చీలోంచే లేవలేని మనిషి నేల మీద కూర్చుంది. మా ఆవిడకూ అదే తోచినట్టుంది. ఇద్దరం చెరో పక్కా చేరి చేతులు చాపాం.

"రా వదినా, పట్టుకో."

అక్క మా చేతుల వైపు చూసింది. పక్కన కూర్చున్న ఒంటె వైపు చూసింది. ఒంటెవాడు దాన్ని కొట్టానికి తోలుకుపోవడానికి లేపుతున్నాడు. అది తల ముందుకు చాచి, వెనకభాగం పైకి ఎత్తి, తర్వాత ముందు కాళ్ల మీద లేచింది. అక్క మొదటినుంచి చివరిదాకా చూసింది, డ్రిల్లులో కొత్త ఆసనం చూసినట్టు.

"చేతులు దియ్యండి" అంది.

"వదినా, ఇసకలో..."

"తియ్యమన్నానా!"

తీశాం. అక్క పక్కకు తిరిగి, రెండు అరచేతులూ ఇసుకలో పెట్టింది. మోకాళ్ల మీదికి వచ్చింది. తల కిందికి దించింది. నేల దాని మొహానికి జానెడు దూరంలో ఉంది. వేళ్లు ఇసుకలో దిగబడ్డాయి. నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది, మా ఆవిడ దాన్ని పట్టి వెనక్కి లాగింది.

"ఒకటి" అంది అక్క నేలతో.

గాలి వస్తే ఇసుక సన్నగా కదిలింది. ఫోనులో రికార్డు చెయ్యడం మా ఆవిడ మర్చిపోయింది. అందుకని ఇప్పుడు చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు, నా మాట తప్ప. నా మాటకు చీమల చరిత్ర ఉందని తెలుసు. అయినా నమ్మండి.

"రెండు."

లేచింది. వెనక భాగం ముందు. తర్వాత చేతులు ఇసుకలోంచి మోకాళ్ల మీదికి, మోకాళ్ల మీదినుంచి నడుం మీదికి. నిటారుగా నిలబడి, రెండు చేతులూ దులుపుకుంది. మూడు అనే అవసరం రాలేదు.

మేమిద్దరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. అక్క మావైపు చూడను కూడా చూడలేదు. మాకు రాత్రి భోజనాలు వండుతున్న గుడారాల వైపు తిరిగి, గాలి పీల్చి, ముక్కు ఎగబీల్చింది.

"రేయ్, మూత దీసినట్టుండారు. పలావేనా అది?"

అని, నా కోసం ఆగకుండా, ముందు నడిచింది. నేను ఆ తెల్ల బూట్ల వెనకే, ఎడమకి ఎడమ, కుడికి కుడి వేసుకుంటూ వెళ్లాను.